పచ్చబొట్టుకి స్పెల్‌చెక్ ఉండదు

మా హాస్టల్ కారిడార్‌లో టాటూ మాట ఎప్పుడొచ్చినా మొదటి ప్రశ్న "ఎంతవుద్దిరా?" రెండోది "నొప్పి ఉంటదా?" ఈ రెండింటికీ నిమిషంలో జవాబు చెప్పేయొచ్చు. డబ్బు కట్టిన రోజుకీ సూది చర్మానికి తగిలే రోజుకీ మధ్యలో ఏం జరుగుతుందని మాత్రం ఎవరూ అడగరు. కస్టమ్ టాటూలో అసలు పనంతా ఆ మధ్యలోనే ఉంది. పోయిన సెమ్ సెలవుల్లో నేను ఒకటి వేయించుకున్నాను. ఆ అనుభవం, దానికోసం చదివిన విషయాలు కలిపి ఇది రాస్తున్నా. ముఖ్యంగా తెలుగు అక్షరాలు వేయించుకోవాలని చూస్తున్నవాళ్ళ కోసం. మన క్లబ్‌లోనే కనీసం నలుగురున్నారు, పేర్లు చెప్పను.

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. స్టూడియో ఆల్బమ్‌లో రెడీగా గీసి పెట్టిన బొమ్మల్ని ఫ్లాష్ అంటారు. షాపుకెళ్ళి రెడీమేడ్ చొక్కా కొనుక్కున్నట్టు, చూసి వేలు పెట్టి చూపిస్తే అదే వేస్తారు. కస్టమ్ అంటే టైలర్ దగ్గర కొలతలిచ్చి కుట్టించుకోవడం. మన ఆలోచన, మన ఒంటి కొలత తీసుకుని ఆర్టిస్ట్ కొత్తగా గీస్తారు. అందుకే "ఎంత?" అని ఒక్క మాట మెసేజ్ పెడితే జవాబు రాదు, వచ్చినా దానికి అర్థం ఉండదు. సైజు, చోటు, ఎంత వివరం, నలుపా రంగులా, ఎన్ని గంటలు పడుతుంది అన్నది తెలియకుండా రేటు ఎవరూ చెప్పలేరు. కొందరు చదరపు అంగుళానికి ఇంత అని లెక్కేస్తారు, కొందరు గంటకి, ఇంకొందరు మొత్తం పనికి ఒకే రేటు చెప్తారు. దాదాపు అందరికీ ఒక మినిమమ్ ఛార్జ్ ఉంటుంది. చిన్న చుక్క వేసినా కొత్త సూది, కొత్త గ్లవ్స్, కొత్త ఇంక్ కప్పు తెరవాల్సిందే కదా.

మొదటి మెసేజ్‌లోనే ఇవన్నీ రాసేస్తే సగం పని అయిపోతుంది: ఏం కావాలి, ఎక్కడ, ఎన్ని సెంటీమీటర్లు, వేయించుకునే చోటు ఫొటో (మామూలు వెలుతురులో, ఫిల్టర్ లేకుండా), నచ్చిన పనులు మూడో నాలుగో, బడ్జెట్. బడ్జెట్ చెప్పడానికి సిగ్గుపడకండి. "స్టూడెంట్‌ని, ఇంతే పెట్టగలను" అంటే ఆ డబ్బులో ఏది బాగా వస్తుందో వాళ్ళే చెప్తారు. బేరం మాత్రం ఆడకండి, ఇది కోఠీలో బ్యాగు కొనడం కాదు. ఇంకెవరి ఒంటి మీదో ఉన్న కస్టమ్ టాటూ ఫొటో పంపి "సేమ్ ఇదే" అంటే మంచి ఆర్టిస్టులు ఒప్పుకోరు. నాకది చాలా నచ్చింది. మన అసైన్‌మెంట్లలో ఆ పట్టింపు ఎప్పుడొస్తుందో.

ఇప్పుడు చాలామంది ఏఐతో బొమ్మ చేయించి పంపుతున్నారట. రిఫరెన్స్‌గా పర్లేదు. కానీ అందులో తెలుగు అక్షరాలుంటే ఒకసారి జూమ్ చేసి చూడండి. దూరం నుంచి తెలుగులా ఉండి, దగ్గరికెళ్తే ఏ భాషా కానిదేదో ఉండొచ్చు.

డిపాజిట్ దేనికి

ఆర్టిస్ట్ ఒప్పుకున్నాక డేట్ ఇవ్వడానికి ముందు డిపాజిట్ అడుగుతారు. నేను వెయ్యి రూపాయలు కట్టాను. మామూలుగా ఇది చివరి బిల్లులో తగ్గిస్తారు, కానీ మనం మనసు మార్చుకుంటే తిరిగి ఇవ్వరు. మా రూమ్మేట్‌కి ఇది దోపిడీ అనిపించింది. వాడితో గంటసేపు వాదించాను. ఆర్టిస్ట్ మన కోసం రెండు మూడు గంటలు కూర్చుని గీస్తుంది, ఆ రోజు ఇంకెవరినీ తీసుకోకుండా ఖాళీ ఉంచుతుంది. మనం రాకపోతే ఆ గంటలు ఎవరిస్తారు? డిపాజిట్ అంటే సీటు రిజర్వేషన్, గీసినందుకు కూలి, రెండూ కలిపి. ఫ్రీలాన్స్‌గా వెబ్‌సైట్ చేసిపెట్టి, క్లయింట్ ఫోన్ ఎత్తడం మానేసిన సీనియర్లని అడగండి, అడ్వాన్స్ విలువ చెప్తారు.

కట్టే ముందు మూడు సంగతులు రాతపూర్వకంగా, అంటే చాట్‌లోనే అయినా సరే, అడిగి పెట్టుకోండి. డేట్ మార్చుకోవాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి? డిజైన్‌లో ఎన్నిసార్లు మార్పులు చేస్తారు? డిజైన్ ఎప్పుడు చూపిస్తారు? చిన్న మార్పులకి ఎవరూ ఏమీ అనరు. నెమలి అని చెప్పి, గీసాక పులి కావాలంటే కొత్త డిపాజిట్ అడుగుతారు, అది న్యాయమే. మూడో ప్రశ్న మాత్రం తెలుగు వేయించుకునేవాళ్ళకి ప్రాణం లాంటిది. చాలామంది ఆర్టిస్టులు డిజైన్‌ని ముందుగా పంపరు, ఆ రోజు స్టూడియోలోనే చూపిస్తారు. పువ్వో పక్షో అయితే పర్లేదు. అక్షరాలైతే కనీసం ఒక రోజు ముందు చూడాలని అడగండి. ఎందుకో చెప్తాను.

కంటికి మూడు, కంప్యూటర్‌కి ఎనిమిది

నేను వేయించుకున్నది ఒకే మాట: జాగ్రత్త. ఇంటర్‌లో నన్ను రెసిడెన్షియల్ కాలేజీలో దింపినప్పుడు, గోంగూర పచ్చడి సీసాకి రబ్బర్ బ్యాండ్ వేసి మా అమ్మమ్మ ఒక చీటీ పెట్టింది. "మూత గట్టిగా పెట్టు. తడి చెంచా వద్దు. జాగ్రత్త." పచ్చడి పదిరోజుల్లో అయిపోయింది, చీటీ ఫిజిక్స్ పుస్తకంలో ఉండిపోయింది. ఆ తర్వాతి ఏడాది అమ్మమ్మకి పక్షవాతం వచ్చింది. మనిషి కోలుకుంది కానీ కుడిచెయ్యి పెన్ను పట్టుకోవడం లేదు. అంటే ఆ చేతిరాత ఇక కొత్తగా రాదు. నాకు కావాల్సింది ఫాంట్ కాదు, ఆ రాత.

ఇంగ్లిష్ మీడియంలో చదివిన నాకు ఆ చీటీ మొదటిసారి చదవడానికే టైమ్ పట్టింది. అమ్మమ్మ తరం గొలుసుకట్టుగా రాసేది, తలకట్టు ఒక అక్షరం మీద మొదలై పక్క అక్షరం మీద వాలుతుంది. మా ఆర్టిస్ట్‌కి తెలుగు మాట్లాడటం కొంచెం వచ్చు, చదవడం అసలు రాదు. ఆమె కంటికి అది ఒక బొమ్మ. ఏది అక్షరం, ఏది పెన్ను జారిన గీత అన్నది ఆమెకి ఎవరో చెప్పాలి. ఆ ఎవరో నేనే.

మన లిపిలో ఒక్క గీత విలువ ఎంతో ఆలోచించండి. "కథ" రాశారనుకోండి. థ మధ్యలో చుక్క పోతే "కధ". కింద నిలువు గీత కూడా పోతే "కద". ఒంటి మీద గొప్పగా కథ అని వేయించుకుందామని వెళ్ళి "అంతే కద" దగ్గర ఆగిపోతాం. రాధ అనే పేరుకి ఆ గీత పోతే "రాద". చూసినవాళ్ళు "ఏం రాదు?" అని అడుగుతారు. నా మాటలో ర ఒత్తు, అదే మన తెలుగు మేడమ్ క్రావడి అనేది, పోతే "జాగత్త". త ఒత్తు పోతే "జాగ్రత".

అయితే టైప్ చేసి ఇస్తే గొడవ ఉండదుగా అనుకోవచ్చు. ఉంటుంది, ఇది మన బ్రాంచ్ వాళ్ళ సబ్జెక్టే. జాగ్రత్త అనేది కంటికి మూడు అక్షరాలు: జా, గ్ర, త్త. యూనికోడ్‌లో ఎనిమిది కోడ్‌పాయింట్లు. ఆ ఎనిమిదిని కలిపి ఒత్తుల్ని కింద సరిగ్గా కూర్చోబెట్టడం షేపింగ్ ఇంజిన్ చేసే పని. ఆ ఇంజిన్ సరిగ్గా లేని డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పేస్ట్ చేస్తే "జాగ్ రత్ త" అని పొల్లులతో విడివిడిగా పడుతుంది. తెలుగు తెలియని ఆర్టిస్ట్‌కి అది తప్పు అని ఎలా తెలుస్తుంది? డీటీపీ సెంటర్లలో వాడే పాత అను ఫాంట్లతో ఇంకో తంటా. ఆ మేటర్ వేరే ఫాంట్‌లో తెరిస్తే ఇంగ్లిష్ గుర్తుల చెత్త వస్తుంది. ఆపిల్ అంతటి కంపెనీకే మన లిపి చుక్కలు చూపించింది. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అక్షరం, మధ్యలో కనపడని ఒక యూనికోడ్ కేరక్టర్‌తో కలిసి వస్తే, ఐఫోన్లలో యాప్‌లు క్రాష్ అయ్యాయి. ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు. ఫోన్‌కి అప్‌డేట్ ఉంది, చేతికి లేదు.

కాబట్టి పదాన్ని చాట్‌లో టైప్ చేసి పంపకండి. తెల్ల కాగితం మీద రాసి, లేదా ఒత్తులన్నీ సరిగ్గా పడ్డాయని చూసుకుని ఇమేజ్‌గా చేసి పంపండి. నేను చీటీని స్కాన్ చేసి, పక్కనే ఇంకో కాగితం మీద మూడక్షరాలు పెద్దగా రాసి, ఏ గీత దేనిదో బాణాలు వేసి పంపాను. ఇది అక్షరం, ఇది దానికి ఒత్తు, ఈ ఖాళీ మూసుకుపోకూడదు, ఇక్కడ మాత్రం పెన్ను జారింది వదిలేయొచ్చు అని.

అమ్మమ్మ చేతి మీద తేలు

సైజు దగ్గర ఆర్టిస్ట్‌కీ నాకూ కుదరలేదు. నాకు రెండు అంగుళాలు చాలు అనిపించింది, ఆమె మూడున్నర అంది. డబ్బుల కోసం పెంచుతోందేమో అని ఒక నిమిషం అనుమానం కూడా వచ్చింది. ఆ వారం ఊరెళ్ళినప్పుడు అమ్మమ్మ చెయ్యి చూశాక అనుమానం పోయింది.

అమ్మమ్మ ముంజేతి మీద మూడు చుక్కలు, ఒక తేలు ఉన్నాయి. పన్నెండేళ్ళప్పుడు ఊళ్ళోకి వచ్చిన ఎరుకలావిడ పొడిచిందట. దీపం మసి, ఏదో ఆకు పసరు కలిపి సూదులతో పొడిచి, పైన పసుపు రాసిందట. చేటెడు జొన్నలు కూలి. నేను అడ్వాన్స్ సంగతి చెప్తే అమ్మమ్మ నవ్వి, "ముందే డబ్బులు కట్టి, మళ్ళీ తారీకు తీసుకుని, అప్పుడు పోయి పొడిపించుకోటం ఏందిరా? మాకు అరుగు మీదికే వచ్చేది ఆవిడ" అంది. పచ్చబొట్టు ఒక్కటే పోయేటప్పుడు మనతో వస్తుందని వాళ్ళమ్మ చెప్పిందట. ఆ నమ్మకం మన పల్లెల్లో చాలా చోట్ల ఉంది.

విషయం ఏంటంటే, అది తేలు అని అమ్మమ్మ చెప్తేనే నాకు తెలిసింది. అరవై ఏళ్ళలో గీతలు లావై, కాళ్ళు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, ఇప్పుడది వేపాకు రెమ్మలా ఉంది.

ఎందుకు అలా అవుతుంది? మన పైచర్మం ఎప్పటికప్పుడు రాలిపోయి కొత్తది వస్తుంటుంది. అందుకే సూది దాన్ని దాటి, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతులో ఉన్న లోపలి చర్మంలో రంగు వదులుతుంది. అక్కడ మాక్రోఫేజ్ అనే రక్షణ కణాలు ఆ రంగుని శత్రువు అనుకుని మింగేస్తాయి, కానీ అరిగించుకోలేవు. 2018లో ఫ్రాన్స్‌లోని మార్సేయ్ పరిశోధకులు ఎలుకల మీద చూపించింది ఇంకా చిత్రంగా ఉంటుంది: రంగు మింగిన కణం చచ్చిపోతే బయటపడిన రంగుని కొత్తగా వచ్చిన కణం మళ్ళీ మింగుతుంది. అంటే టాటూ అనేది చర్మంలో పోసిన పెయింట్ కాదు, తరం నుంచి తరానికి చేతులు మారే మూట. అలా ఏళ్ళు గడిచేకొద్దీ గీత అంచులు మెల్లగా మెత్తబడి లావవుతాయి. థ లోపలి చుక్కకీ చుట్టూ ఉన్న గీతకీ మధ్య ఈరోజు సన్న ఖాళీ ఉంటే, ఇరవై ఏళ్ళకి అది నల్లటి ముద్ద. ఇంగ్లిష్ అక్షరాలకి చాలిన సైజు ఒత్తులున్న మన అక్షరాలకి చాలదు. మూడున్నర అంగుళాలకి ఒప్పుకున్నాను.

డిజైన్ ఒక రోజు ముందు వచ్చింది. చాలా అందంగా ఉంది, కానీ చివరి త ఒత్తుని ఆమె అలంకారం అనుకుని వెనక్కి సాగదీసి క్రావడితో కలిపేసింది. నేను దాన్ని మాట ఏంటో తెలియని ముగ్గురికి పంపి "ఏం రాసుంది?" అని మాత్రం అడిగాను. ఇది ముఖ్యం. "జాగ్రత్త అని ఉంది కదా?" అని అడిగితే అందరూ అవుననే అంటారు. ఒకరు సరిగ్గా చదివారు, ఒకరు జాగ్రత అన్నారు, మా పిన్ని "ఏదో మంత్రమా?" అంది. ఆర్టిస్ట్‌కి చెప్తే రెండు నిమిషాల్లో ఒత్తుని విడదీసి పంపింది, ఏ మాత్రం విసుక్కోలేదు. రెండోసారి వేరే ముగ్గురికి పంపితే ముగ్గురూ ఒకటే చదివారు. మనవాళ్ళు దీన్ని టెస్టింగ్ అంటారు. ప్రొడక్షన్‌లోకి పోయాక రోల్‌బ్యాక్ లేని చోట ఇంకొంచెం గట్టిగా చేయాలి. లేజర్ ఉందిగా అంటారేమో. చాలా సిట్టింగులు పడుతుంది, టాటూకంటే ఎక్కువ ఖర్చవుతుంది, పూర్తిగా పోతుందన్న గ్యారంటీ కూడా లేదు.

ఆ రోజు

కడుపు నిండా తిని వెళ్ళండి. ముందురోజు మందు వద్దు. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నా, షుగర్ ఉన్నా, దెబ్బ మానిన చోట మచ్చ ఉబ్బే స్వభావం ఉన్నా బుకింగ్ రోజే చెప్పాలి, కుర్చీలో కూర్చున్నాక కాదు. ఐడీ అడుగుతారు, 18 నిండకపోతే మంచి స్టూడియో వెనక్కి పంపిస్తుంది. సూది ప్యాకెట్ మీ కళ్ళ ముందు తెరవాలి. వాడిన సూదుల వల్ల హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి రావొచ్చు, కాబట్టి "కొత్తదేనా, చూపిస్తారా?" అని అడగడానికి మొహమాటం అక్కర్లేదు. అడిగితే చిరాకుపడే చోటు నుంచి డిపాజిట్ వదులుకునైనా లేచి వచ్చేయాలి.

తర్వాత స్టెన్సిల్. డిజైన్‌ని ఊదారంగు కాగితం మీదికి ఎక్కించి చర్మం మీద అద్దుతారు. అసలు నిర్ణయం జరిగేది ఇక్కడే. నచ్చకపోతే స్పిరిట్‌తో తుడిచి మళ్ళీ అద్దుతారు, నాకు మూడుసార్లు అద్దారు. నిలబడి, చెయ్యి మామూలుగా వేలాడేసి చూసుకోండి. ముంజేయి తిప్పినప్పుడు చర్మం కూడా తిరుగుతుంది, అరచెయ్యి పైకి పెట్టినప్పుడు తిన్నగా ఉన్న మాట కిందికి తిప్పగానే వంకరపోతుంది. అద్దంలో చూస్తే అక్షరాలు తిరగబడతాయి కాబట్టి ఫొటో తీయించుకుని, ఆ ఫొటోని ఒక్కో ఒత్తూ వేలు పెట్టి చదవండి.

అక్షరాలు ఎటు తిరిగి ఉండాలన్నది ఇంకో వాదన. ఎదుటివాళ్ళకి తిన్నగా కనపడేలా వేయడం టాటూ వాళ్ళ పద్ధతి, మా ఆర్టిస్ట్ కూడా అదే చెప్పింది. నేను ఒప్పుకోలేదు. ఆ మాట అమ్మమ్మ నాకు చెప్పింది, ఎదురొచ్చేవాళ్ళకి కాదు. నా వైపే తిప్పి వేయించుకున్నాను. ఇలాంటి చోట ఆర్టిస్ట్ సలహా వినాలి, కారణం అడగాలి, తర్వాత మన ఇష్టం.

మెషీన్ సంగతి ఒక్క ముక్క చెప్పకుండా ఉండలేను. ఎడిసన్ ఆఫీసు కాగితాలకి నకళ్ళు తీయడానికి కాగితాన్ని చిల్లులు పొడిచే ఎలక్ట్రిక్ పెన్ను ఒకటి చేశాడు. దాని ఆధారంగా న్యూయార్క్‌లో శామ్యూల్ ఓరైలీ 1891లో టాటూ మెషీన్‌కి పేటెంట్ తీసుకున్నాడు. అంటే మన ఒంటి మీద నడిచేది ఒక జిరాక్స్ మెషీన్ చుట్టం.

నొప్పి గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. ఎండకి కమిలిన చోట ఎవరో పదేపదే గోరుతో గీరినట్టు ఉంటుంది. మణికట్టు దగ్గర ఎక్కువ. బ్రేక్ అడగొచ్చు. నాది గంటన్నరలో అయిపోయింది.

మానడం మాత్రం మన చేతిలో పని. వాసన లేని సబ్బుతో మెల్లగా కడగడం, తుడవకుండా అద్దడం, వాళ్ళు చెప్పిన ఆయింట్‌మెంట్ పలచగా రాయడం. పైపైన మానడానికి రెండు మూడు వారాలు. పొట్టు లేస్తుంది, దురద పెడుతుంది, గోకితే రంగుతో సహా ఊడొస్తుంది. ఈత వద్దు, ఎండలో హాఫ్ హ్యాండ్స్‌తో బైక్ వద్దు. హోలీ ముందు వారం డేట్ తీసుకోవద్దని వేరే చెప్పాలా? ఇంట్లోవాళ్ళు పసుపు రాస్తామంటే దండం పెట్టి తప్పించుకోండి, నేను అదే చేశాను. ఎర్రబడటం రోజురోజుకీ పెరిగినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా ఆర్టిస్ట్‌కి ఫొటో పంపుతూ కూర్చోకుండా చర్మం డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. మానాక ఎక్కడైనా రంగు పడకపోతే చాలా చోట్ల టచప్ ఒకసారి ఫ్రీగా చేస్తారు, ఎన్ని నెలల్లోపు అన్నది ముందే అడగండి.

సీడీఎస్, అగ్నివీర్ లాంటివి రాసే ఆలోచన ఉన్నవాళ్ళు చోటు ఎంచుకునే ముందు నోటిఫికేషన్ చదవాలి. ఆర్మీ, ఎయిర్‌ఫోర్స్‌లలో శాశ్వత టాటూని మోచేతి లోపలి వైపు నుంచి మణికట్టు దాకా, అరచేతి వెనక వైపు మాత్రమే ఒప్పుకుంటారు. ఆచారంగా వేయించుకునే గిరిజన తెగలకి మినహాయింపు ఉంది. భుజం మీద సింహం వేయించుకుని ఎస్ఎస్‌బీకి వెళ్దామనుకునే మా ఫ్లోర్ వీరుడు ఇది చదువుతాడని ఆశిస్తున్నా.

ఇంకొకటి. టాటూ వేయించుకున్నాక మామూలుగా ఏడాదిపాటు రక్తం తీసుకోరు. కాలేజీ రక్తదాన శిబిరంలో ప్రతిసారీ పేరిచ్చేవాళ్ళు ముందు రక్తం ఇచ్చేసి, తర్వాత వారం డేట్ తీసుకోండి.